మా అక్కకు చదువు వచ్చు

ఏటా డిసెంబరు చివరి వారంలో నాకొక అలవాటు ఉంది. ఆ సంవత్సరం చదివిన పుస్తకాలన్నిటినీ అలమారలోంచి దించి మంచం మీద పరుచుకుంటాను. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని, ఇది ఎక్కడ కొన్నాను, ఇది నన్ను ఎందుకంతగా పట్టి ఊపింది, దీన్ని సగంలోనే ఎందుకు పక్కన పడేశాను అని నాలో నేనే మాట్లాడుకుంటాను. దసరాకు, దీపావళికి వచ్చే ప్రత్యేక సంచికలు విడిగా ఒక వరస. వాటిని మళ్ళీ తిరగేస్తూ ఒక పూటంతా గడిపేస్తాను. నా పిల్లలు నవ్వుతారు, అమ్మ పుస్తకాలకు హాజరు తీసుకుంటున్నదని. ఈసారి కూడా పరిచాను. కానీ ఒక్కటీ తెరవబుద్ధి కాలేదు. వాటిని చూస్తుంటే కోపం పొంగుకొచ్చింది. పుస్తకాలేం చేశాయి పాపం! కార్తీకంలో మా అక్క సత్తెమ్మ పోయింది. ఆమె పోయిన దుఃఖం కన్నా, పోయాక ఆమె గురించి విన్న ఒక్క మాట నన్ను ఎక్కువగా కాలుస్తున్నది.

హుజూర్‌నగర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో పెద్దకర్మ నాడు భోజనాలకు కూర్చున్నాం. నేను కథలు రాస్తానని తెలిసిన ఒక రిటైర్డు మాస్టారు నా పక్కనే కూర్చొని, వడ్డిస్తున్న అక్క మనవడిని అడిగాడు, "మీ నానమ్మ కూడా చదువుకున్నారా బాబూ?" అని. వాడు నవ్వుతూనే చెప్పాడు, "లేదు సార్. మా నానమ్మకు సదువు రాదు. ఏడ సంతకం పెట్టాలన్నా ఏలిముద్రనే." వాడిలో ఏ చెడ్డా లేదు. తనకు తెలిసింది చెప్పాడు. నేను మాత్రం విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను.

"వచ్చు! మీ నానమ్మకు సదువొచ్చు. నీకన్న మంచిగొచ్చు!"

పంక్తి మొత్తం తినడం ఆపి నా వైపు చూసింది. అక్క కొడుకు యాదగిరి పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఊకో చిన్నమ్మా. దుఃఖంల ఉన్నవ్, ఏదో అంటున్నవ్. అమ్మకు సదువెక్కడిది? నేను పుట్టినకాంచి ఆమె చేతుల కాయితం సూడలే." వాడికీ తల నెరిసింది. కన్న కొడుక్కే తెలియదు. నేను చెయ్యి కడుక్కొని బయటికి వచ్చేశాను. అక్కడ అరిచింది చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది చిట్యాల సడకు దిగి లోపలికి నడిచి వెళ్ళే చిన్న ఊరు. నేతపని వాళ్ళ వాడలో మా ఇల్లు. ముందరి గదిలో గుంట మగ్గం, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని పొద్దు పొడిచిన దగ్గర నుంచి మా బాపు. ఇంటినిండా గంజి వాసన, తడి నూలు వాసన. పొద్దున్నే అమ్మ పెద్ద కుండలో గంజి కాచేది. అది పులిసీ పులియని వాసన మా బట్టలకూ జుట్టుకూ పట్టి ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు కూడా మా వాడవాళ్ళే కాబట్టి మాకది వాసనే అనిపించేది కాదు. వాకిలి పక్కన అవ్వ, అంటే మా బాపు తల్లి, రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుట్టేది. అవ్వ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. తనకు గిట్టని మాట ఎవరన్నా అంటే రాట్నం చప్పుడు పెరిగేది, అంతే. ఆ చప్పుడును బట్టి అమ్మ మాట మార్చేది.

నిజాం పాలన పోయి మా బడిలోకి తెలుగు వచ్చిన కొత్త. అక్క నాలుగో తరగతి దాకా వచ్చింది. నేను ఆమెకన్నా బాగా చిన్నదాన్ని. అక్కకు అక్షరాలు ఎట్లా పట్టుబడ్డాయో గాని, దేనిమీద ఏది అచ్చయి ఉన్నా చదవకుండా వదిలేది కాదు. అగ్గిపెట్టె మీది రాతలు, ఉప్పు పొట్లం కాగితం, ఏదైనా సరే.

నేతలో మగ్గం చప్పుడు లేని పని ఒకటి ఉంది. పాత నూలు అయిపోయాక, కొత్త నూలు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికించాలి. వేళ్ళకు బూడిద అద్దుకొని పోగును పోగుతో మెలిపెడుతూ గంటల తరబడి వంగి కూర్చోవాలి. నడుము పడిపోతుంది, విసుగుతో కళ్ళు మూతపడతాయి. అట్లాంటప్పుడు ఒకనాడు బాపు, "సత్తెమ్మా, ఏదన్న సదువు బిడ్డా, నిద్రొస్తాంది" అన్నాడు. అక్క చదివింది. ఆ తర్వాత ఎవరింట్లో పోగులు అతికే పని ఉంటే వాళ్ళు మా అక్కను పిలుచుకుపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు పనిలేని ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

పుస్తకాలు కొనే ఇల్లు కాదు మాది. బెజవాడ నుంచి వచ్చే బస్సు చిట్యాలలో వారపత్రికల కట్ట దించేది. అక్కడి హోటలాయన ఛాయ తాగేవాళ్ళ కోసం ఒకటి ఉంచేవాడు. అందరూ చదివి నలిగాక, బాపు నూలు తేవడానికి పోయినప్పుడు ఆ పాతది ఇచ్చేవాడు. దీపావళి ప్రత్యేక సంచిక మా ఇంటికి చేరేసరికి పండగ పోయి చాలా రోజులయ్యేది. అట్టమీది దీపాల బొమ్మ మీద ఛాయ మరకలు, లోపల పకోడీల నూనె మరకలు. అయినా అది వచ్చిన రోజే మా వాడకు దీపావళి. అమ్మ పొయ్యి తొందరగా ఆర్పేసేది. మామూలు పండగలకు కూడా ఆపని రాట్నాన్ని అవ్వ ఆపేసేది.

అక్క చదివే తీరు ఎట్లాంటిదో నేను పెద్దయ్యాక, అవే సంచికలు దొరికి సొంతంగా చదువుకున్నప్పుడు గాని అర్థం కాలేదు. "ఆమె వెళ్ళిపోతున్నది" అని అచ్చులో ఉంటే అక్క నోట "గామె పోతాంది" అని వచ్చేది. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా, కోస్తా మాటను మా మాటలోకి మార్చుకుంటూ చదివేది. ఇంకొకటి కూడా చేసింది. ఆ కథల్లో కాస్త మాలాగా మాట్లాడేది పనివాళ్ళు మాత్రమే, అదీ నవ్వు తెప్పించడానికి. అక్క దాన్ని తలకిందులు చేసేది. కథలోని జమీందారు మా మాట మాట్లాడేవాడు, పాలేరు పుస్తకాల భాష మాట్లాడేవాడు. మా వాడ పగలబడి నవ్వేది. నాలుగో తరగతి పిల్ల ఈ పని చేసింది. తర్వాత నేను ఎందరో పండితుల ప్రసంగాలు విన్నాను, ఎన్నో సన్మానాలకు పోయాను. అట్లా చదివినవాళ్ళను మళ్ళీ చూడలేదు.

ఒక వర్షాకాలం హైదరాబాదు నుంచి వచ్చిన నూలు కట్టకు చుట్టిన కాగితాల్లో సగం నవల దొరికింది. అట్ట లేదు, చివర లేదు. పేజీల పైన పేరు మాత్రం అచ్చయి ఉంది. పేరు ఇక్కడ రాయను, ఎవరికీ గుర్తులేని పుస్తకం. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన ఒక అమ్మాయి రైలెక్కుతుంది. టికెట్టు లేదని తెలియని స్టేషన్‌లో దించేస్తారు. ఆమె బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న చోట మా కాగితాలు అయిపోయాయి. ఆ తర్వాత వాడలో ఆడవాళ్ళకు వేరే మాట లేదు. నీళ్ళ దగ్గర అదే, గంజి కాచేచోట అదే. చివరికి మా అవ్వ కూడా నోరు విప్పింది. "గా పిల్లను గట్ల టేషన్ల ఇడ్సిపెడితె నాకు నిద్రెట్ల పడ్తదే సత్తెమ్మా?"

అప్పటికి మా ఊరి దొర తన ఇంటి ముందరి సావిట్లో గ్రంథాలయం అని బోర్డు కట్టించి ఉన్నాడు. పట్నం నుంచి అద్దాల బీరువా, దాన్నిండా పుస్తకాలు తెప్పించాడు. దొర పూర్తిగా చెడ్డవాడని నేను అనను. కరువు ఏడు మా వాడకు జొన్నలు పంపాడు. పుస్తకమంటే భక్తి కూడా ఉండేది. స్నానం చేయకుండా బీరువా ముట్టేవాడు కాదు. నా కోపమంతా ఆ భక్తి మీదే. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. బీరువా దసరానాడు పూజకు తెరిచేవాళ్ళు, మళ్ళీ మూసేవాళ్ళు. మిగతా ఏడాదంతా ఊరు అద్దంలోంచి పుస్తకాల వీపులు చూసేది.

ఆ బీరువాలో ఈ నవల ఉన్నదేమో అడగమని అక్క బాపును పోరింది. బాపు పోయి చేతులు కట్టుకొని అడిగాడు. దొర మెత్తగానే చెప్పాడట, "పుస్తకం సరస్వతి మల్లయ్యా. గంజి చేతులతోని ముడ్తరా?" అని.

దసరా వచ్చింది. ఆ పొద్దు మా ఇంట్లో మగ్గానికి పూజ చేసి పని ఆపేశారు. దొర సావిట్లో పుస్తకాలకు హారతి ఇవ్వడానికి ఆడవాళ్ళను రమ్మన్నారు. తెల్లబట్ట పరిచి పుస్తకాలు వరసలుగా పెట్టారు. ఒక్కొక్క దాని మీద పసుపు, కుంకుమ, బంతిపువ్వు. గంధం వాసన, కర్పూరం వాసన. ఊళ్ళో పెద్దలంతా ఉన్నారు. నేను అక్క పక్కనే నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి అక్క తన చేతిలోని హారతి పళ్ళెం నా చేతిలో పెట్టింది. వంగి, పూలు తీసి పక్కన పెట్టి, ఒక పుస్తకం తీసుకుంది. అది ఆ నవలే. నిలబడ్డ చోటనే చివరి పేజీలు తెరిచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. చుట్టూ ఎవరున్నారో ఆమెకు తెలియదు.

"ఏయ్ పిల్లా! పూజల పెట్టిన పుస్తకం. కింద పెట్టు!"

అక్క వినలేదు. దొర అరుస్తూనే వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు.

"నీ బాంచెన్ దొరా, జర ఆగుండ్రి. గింతే ఉన్నది, సదివి పెడ్త."

"ఇయ్యాల పుస్తకం సదువొద్దు. మొక్కాలె. గా మాత్రం తెల్వదా?"

"మరి రేపు సదువుకోవచ్చా?"

అక్క అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేదో. ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"మేం గూడ మగ్గానికి మొక్కుతం దొరా. ఇయ్యాల నెయ్యం. తెల్లారి మల్ల నేస్తం. మీరు మొక్కి తాళమేస్తరు. గిదేం మొక్కుడు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు దొర చెవిన పడింది. ఆయన అక్క వైపు మళ్ళీ చూడనైనా లేదు. మగవాళ్ళలో నిలబడ్డ మా బాపు కోసం చూశాడు.

"మల్లయ్యా! మీ వాడ ఎవని జాగల ఉన్నది?"

"మీ జాగనే దొరా."

"గది నీ బిడ్డకు చెప్పినవా?"

బాపు ముందుకు వచ్చాడు. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి దొర కాళ్ళ దగ్గర పెట్టాడు. వంగాడు. అంతవరకు మేం బాపును రుమాలు లేకుండా ఊరి మధ్యలో చూడలేదు. తలలో అక్కడక్కడ నూలు పీచు అంటుకొని ఉంది. పండగ కదా, తలంటుకున్నాడు, అయినా అది పోలేదు. దొర "లే" అనే దాకా ఆ తల అట్లాగే వంగి ఉంది. దొర తొందరపడలేదు. హారతి పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది.

ఇంటికి వచ్చాక బాపు అక్కను కొట్టలేదు. కొడితే బాగుండేది, నొప్పి పోయేది. ఆమె చెయ్యి తీసుకొని తన తల మీద పెట్టుకున్నాడు.

"నా మీద ఒట్టెయ్యి. మల్ల పుస్తకం సదువనని."

"బడిల గూడనా బాపు?"

"బడి లేదు, గిడి లేదు. ఒట్టెయ్యి."

అక్క ఒట్టేసింది. ఆ సాయంత్రం అందరితో పాటు బాపు జమ్మి ఆకు పట్టుకొని పోయి దొర చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి వచ్చాడు. బాపు ఆనాడు వంగకపోతే మా వాడంతా రోడ్డున పడేది. అది నాకు తెలుసు. తెలిసినా బాపు మీద కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

తర్వాత మా ఇంట్లో పోగులు అతికే పని వచ్చినప్పుడు అక్క కూడా బూడిద చేతులతో వంగి కూర్చుంది. వాడ ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. అవ్వే అడిగింది, "గా టేషన్ల పిల్ల ఏమాయెనే?"

"సచ్చిపోయింది," అంది అక్క, తల ఎత్తకుండా.

రాట్నం చప్పుడు ఇల్లంతా నిండిపోయింది. ఆ రోజు అమ్మ మాట మార్చలేదు.

మరుసటి ఏడు నన్ను కూడా బడి మాన్పించాలనుకున్నారు. అక్కే అడ్డం పడింది. "దీన్ని తోలు బాపు. ఇది నా లెక్క మాట్లాడది." ఆ మాట నా చదువుకు పునాది. ఎన్నో సభల్లో నన్ను పరిచయం చేస్తూ, పట్టుదలతో చదువుకున్నదని చెబుతారు. నోరు మూసుకొని ఉంటానన్న హామీ మీద చదువుకున్నాను. అక్కకు పెళ్ళి చేసి హుజూర్‌నగర్ వైపు పంపారు. అక్కడ కొన్నాళ్ళు నేశారు. కాలువ నీళ్ళు వచ్చాక మగ్గం తీసేసి కౌలుకు పొలం చేశారు.

నేను టీచరునై మొదట మా దగ్గరి బడిలోనే చేరాను. అప్పటికి దొర లేడు. కొడుకు పట్నంలో ఉండేవాడు. బడికి పుస్తకాలు కావాలని అడిగితే, "తీస్కపో టీచరమ్మా, జాగా ఖాళీ అయితది" అని తాళం తీయించాడు. బీరువా తెరిస్తే పాత పసుపు వాసన గుప్పున కొట్టింది. అట్టల మీద పసుపు పొరలు కట్టి, వేలితో గీకితే రాలుతున్నది. లోపల కాగితాలు మాత్రం అంగడి నుంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి. ఒక్క పేజీ మూల మడిచి లేదు. ఒక్క వాక్యం కింద గీత లేదు. పుస్తకం తెరుస్తుంటే వీపు కొత్తదానిలా పటపటమన్నది. ఊరంతా బతికి ముసలిదైపోయింది, ఈ పుస్తకాలు మాత్రం కన్నెగా కూర్చున్నాయి. ఆ నవల కూడా అందులోనే ఉంది. ఆ రోజే చదివేశాను. స్టేషన్‌లో దిగిన అమ్మాయి చావలేదు. ఆ ఊళ్ళోనే దవాఖానలో పనికి కుదిరి, నర్సు పని నేర్చుకొని, ఎవరి ఇంటికీ తిరిగి వెళ్ళకుండా బతికింది.

సెలవులు ఇవ్వగానే అక్క దగ్గరికి పోయాను. ఆమె మడిలో కలుపు తీస్తున్నది. గట్టు మీద నిలబడే చెప్పాను. "అక్కా, గామె సావలేదే. బతికింది."

"ఎర్కనే," అంది వంగే ఉండి. "ఆనాడు కడ పేజీలు సదివిన గదా."

"మరి సచ్చిందని ఎందుకు చెప్పినవ్ అవ్వకు?"

అక్క నడుము నిలబెట్టి, బురద చేత్తో నుదురు తుడుచుకుంది. "బతికిందంటె, ఎట్ల బతికిందో సదివి చెప్పు అందురు గదనే."

"బాపు పోయె, దొర పోయె. ఇంకెవరికి ఒట్టు? సదువుకో రాదు?"

"ఒట్టు గాదు నర్సీ. అచ్చరం సూస్తె బాపు నెత్తి కనవడుతది. ఆ నూలు పీసు కనవడుతది. ఇంగ ఏడ సదువుదు?" మళ్ళీ వంగి కలుపు పీకసాగింది. నేను ఆమె కోసం తీసుకుపోయిన ఆ నవలను గట్టు మీద కోపంతో విసిరికొట్టాను. "గట్ల ఇసరకే, కరావయితది," అని మాత్రం అంది.

ఇప్పుడు డిసెంబరు వస్తే పట్నంలో పుస్తకాల పండగ జరుగుతుంది. నేనూ పోతాను. పిల్లలు సంచులనిండా కొనుక్కొని, ఏడాదిలో తాము చదివినవి దొంతులు పేర్చి ఫోటోలు పెట్టుకుంటారు. ఆడపిల్లలు కింద చతికిలబడి ఎవరినీ అడగకుండా పుస్తకం తెరిచి చదువుకుంటుంటే నేను అక్కడే నిలబడిపోతాను. సంతోషమే. కానీ అన్నిచోట్లా ఇట్లా లేదు. ఈ మధ్యనే ఒక ఊళ్ళో గ్రంథాలయంలో మాట్లాడమని పిలిచారు. బీరువాలకు బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయ కొట్టారు. ఒక పుస్తకం చూస్తానంటే తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. నేను ఆ వేదిక మీద మంచి మాటలు చెప్పలేకపోయాను. కప్పిన శాలువా కుర్చీ మీదనే పెట్టి వచ్చేశాను. మర్యాద తెలియని మనిషి అనుకొని ఉంటారు. అనుకోనీ.

పోయిన ఏడు దీపావళికి అక్క దగ్గర ఉన్నాను. ఆమెకు కంటి ఆపరేషన్ అయిన కొత్త. ఇంట్లోవాళ్ళంతా బయట పటాకులు కాలుస్తున్నారు. నేను తెచ్చుకున్న దీపావళి సంచిక తీసి, మంచం మీద ఆమె పక్కన కూర్చొని ఒక కథ చదివి వినిపించసాగాను. వింటున్నదో నిద్రపోతున్నదో తెలియకుండా ఉంది. కొంతసేపటికి పటాకుల మోతకు నా గొంతు నాకే వినపడక, పైకి చదవడం ఆపేసి మనసులోనే చదువుకోవడం మొదలుపెట్టాను. పేజీ ఇంకా సగంలో ఉన్నాను. అక్క మోచేత్తో నన్ను పొడిచింది.

"తిప్పవేందే? అయిపాయె గదా."

తల తిప్పి చూశాను. ఆమె చూపు పేజీ అడుగున చివరి మాట మీద ఉంది. నేను పేజీ తిప్పాను. ఆ కథ తర్వాత ఎటు పోయిందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆమె మోచెయ్యి తగిలినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకొని, మా అక్క వేగానికి పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.